శుక్లాల ఆపరేషన్‌కి లేజర్: పాట్రీషియా బాత్ కనిపెట్టింది ఏమిటి, కనిపెట్టనిది ఏమిటి

లేజర్‌తో శుక్లాలు తీయడం కనిపెట్టింది పాట్రీషియా బాత్ అనే నల్లజాతి అమెరికన్ డాక్టర్ అని మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ఇంకాస్త వెతికితే దానికి సరిగ్గా ఎదురు మాట కూడా దొరుకుతుంది: ఆమె పరికరాన్ని ఎవరూ వాడటం లేదు, ఆ పేరు ఊరికే మోస్తున్నారు అని. రెండువైపుల వాళ్లూ గట్టిగానే చెబుతారు. నేను చదివి అర్థం చేసుకున్నంతలో రెండింట్లోనూ కొంత నిజం ఉంది, రెండూ అసలు సంగతిని వదిలేశాయి. ఈ చిక్కు విప్పాలంటే ముందు కంట్లో ఏం జరుగుతుందో, డాక్టర్లు దాన్ని ఎలా సరిచేస్తారో తెలియాలి. ఎందుకంటే మనం "లేజర్ ఆపరేషన్" అని ఒక్క మాటలో అనేసే దాంట్లో నాలుగు వేరువేరు యంత్రాలు కలిసిపోయి ఉన్నాయి, అందులో ఒకటి అసలు లేజరే కాదు.

కంటిపాప వెనకాల ఒక లెన్స్ ఉంటుంది. మందం 4 మిల్లీమీటర్లు, వెడల్పు 9, 10 మిల్లీమీటర్లు ఉంటుందేమో, అంతే. తాటిముంజని గుర్తు తెచ్చుకోండి: చుట్టూ పల్చటి పొర, లోపల తేటగా, మెత్తగా ఉండే గుజ్జు, ముదిరేకొద్దీ గట్టిపడిపోయే గుణం. కంటి లెన్స్ కూడా అలాగే వయసుతో పాటు తేటదనం పోగొట్టుకుని మసకబారుతుంది, అదే శుక్లం. ఇంకా వదిలేస్తే గోధుమరంగుకి తిరిగి రాయిలా అవుతుంది. చుక్కల మందులతో తగ్గదు. మసకబారిన గుజ్జుని బయటికి తీసి దాని స్థానంలో కృత్రిమ లెన్స్ పెట్టడం ఒక్కటే దారి.

తీయడంలోనే ఉంది కథంతా. సుశ్రుతుడి కాలంలో తీసేవారు కాదు, సూదితో లెన్స్‌ని చూపు దారిలోంచి పక్కకి నెట్టేసేవారు. 1747లో ఫ్రాన్స్‌లో జాక్ డావియెల్ కన్ను కోసి లెన్స్‌ని బయటికి తీశాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ల పైన పద్ధతి అదే: పెద్ద కోత, కుట్లు, తల కదపకుండా రోజుల తరబడి మంచం మీదే, తర్వాత జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదటిసారి కంటి లోపలే ప్లాస్టిక్ లెన్స్ పెట్టాడు. ఇక 1967లో న్యూయార్క్ డాక్టరు చార్లెస్ కెల్మన్ చేసిన పని ఈ కథలో అన్నిటికంటే ముఖ్యం. పంటి డాక్టరు దగ్గర పళ్లు శుభ్రం చేయించుకుంటుండగా, అల్ట్రాసౌండ్‌తో వణికే ఆ పనిముట్టు చుట్టూ ఏమీ పాడుచేయకుండా పాచిని మాత్రమే రాల్చేయడం గమనించి, అదే పనిని కంట్లో ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. సన్నటి బోలు సూది సెకనుకి 40 వేల సార్ల లెక్కన వణుకుతూ లెన్స్‌ని చిదిపేస్తుంటే, ఆ ముక్కల్ని అదే సూది పీల్చేస్తుంది. కోత 3 మిల్లీమీటర్లు చాలు. దీన్నే మనవాళ్లు ఫేకో అంటున్నారు. గుంటూరులోనో వరంగల్‌లోనో "కుట్లు లేకుండా లేజర్‌తో చేశారు" అని చుట్టాలు చెప్పే ఆపరేషన్లలో ఎక్కువ శాతం ఈ ఫేకోలే, అందులో లేజర్ కిరణం అనేది ఎక్కడా ఉండదు, శబ్ద తరంగాలే పనంతా చేస్తాయి.

అంటే బాత్ రంగంలోకి వచ్చేసరికే చిన్న కోతతో శుక్లం తీయడం ఉంది. ఈ ఒక్క విషయం వదిలేసి ఆమె కథ చెబితే తప్పు చెప్పినట్టే అవుతుంది. మరి ఆమెని ఎందుకు తలుచుకోవాలి?

ఆమె న్యూయార్క్‌లోని హార్లెంలో 1942లో పుట్టారు. తండ్రి రూపర్ట్ ట్రినిడాడ్ నుంచి వచ్చినవాడు, న్యూయార్క్ సబ్‌వే రైళ్లు నడిపిన మొదటి నల్లజాతి డ్రైవరు. తల్లి గ్లాడిస్ ఇళ్లలో పని చేసేది, ఆ డబ్బుల్లోంచే కూతురికి కెమిస్ట్రీ సెట్ కొనిపెట్టింది. హంటర్ కాలేజీలో కెమిస్ట్రీ, 1968లో హోవర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ పట్టా, వెంటనే హార్లెం హాస్పిటల్లో ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్. రెండూ మాన్‌హట్టన్ ఉత్తర భాగంలోనే, మధ్యలో అటూ ఇటుగా రెండు మైళ్ల దూరం. కానీ కంటి విభాగంలో కూర్చుంటే రెండు వేరే దేశాల్లా కనిపించాయి. హార్లెంలో వచ్చేవాళ్లలో దాదాపు సగం మందికి చూపు పోయింది, లేదా బాగా దెబ్బతింది. కొలంబియాలో చూపులేని వాళ్లు ఎప్పుడో గాని కనపడరు. హార్లెంలో వచ్చేది ఎక్కువగా నల్లజాతి వాళ్లు.

చాలామంది యువ డాక్టర్లు అది చూసి బాధపడి తమ పనిలో తాము పడిపోతారు. బాత్ లెక్కలు తీశారు. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లలో అంధత్వం రెట్టింపు ఉందని తేలింది. కారణం ఒంట్లోనో రక్తంలోనో లేదు, కంటి డాక్టరు అందుబాటులో లేకపోవడమే ప్రధాన కారణం అని ఆమె తేల్చారు. అప్పటికి హార్లెం హాస్పిటల్లో కంటి ఆపరేషన్లే జరిగేవి కావు. కొలంబియాలో తనకి పాఠాలు చెప్పే ప్రొఫెసర్ల దగ్గరికే వెళ్లి, హార్లెంకి వచ్చి ఉచితంగా ఆపరేషన్లు చేయమని ఒప్పించి, తను పక్కన నిలబడి సాయం చేశారు. 1970లో అక్కడ మొదటి పెద్ద కంటి ఆపరేషన్ జరిగింది. నా వరకు ఆమె జీవితంలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. లేజర్ దీని తర్వాతే. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఉండనివ్వండి, పేటెంట్ కాగితం కంటే ఈ పని వల్లే ఎక్కువమందికి మేలు జరిగిందని నేను నమ్ముతున్నాను, ఎందుకో కిందకి వెళ్లాక చెబుతాను.

ఆ తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో కంటి వైద్యంలో శిక్షణ, అక్కడ ఆ విభాగంలో మొదటి నల్లజాతి రెసిడెంట్ ఆమే. 1974లో లాస్ ఏంజెలెస్ వెళ్లారు, మరుసటి ఏడాదే అక్కడి జూల్స్ స్టెయిన్ కంటి సంస్థలో అధ్యాపకురాలిగా చేరిన మొదటి మహిళ అయ్యారు. ఆవిడకి ముందు చూపించిన ఆఫీసు గది నేలమాళిగలో, ప్రయోగాల జంతువుల్ని ఉంచే గదుల పక్కన. ఆమె గొడవ పెట్టుకోలేదు, ఇది తగిన గది కాదు అని మాత్రం తేల్చి చెప్పి, వేరే గది ఇప్పించుకున్నారు. 1983కల్లా కంటి వైద్య శిక్షణ కార్యక్రమానికి అధిపతి అయ్యారు, అమెరికాలో ఆ స్థానంలోకి వచ్చిన మొదటి మహిళ. ఇంత అయినా పరిశోధన విషయానికి వచ్చేసరికి అడ్డంకులు తప్పలేదు. లేజర్‌తో శుక్లాన్ని ఆవిరి చేసే ఆలోచన 1981లోనే వచ్చినా, దానికి తగ్గ యంత్రం దొరికింది యూరప్‌లో. 1986లో సెలవు పెట్టి పారిస్, ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో, బెర్లిన్‌లోని లేజర్ మెడికల్ సెంటర్‌లలో పనిచేశారు. చనిపోయినవాళ్లు దానం చేసిన కళ్ల మీద ప్రయోగాలు చేసి చూశారు.

ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం తప్పదు. లేజర్ అనగానే కాల్చేది అనుకుంటాం. మామూలు లేజర్లు నిజంగానే వేడితో పని చేస్తాయి, కంటి లోపల అంత వేడి పుడితే కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, పాడవుతుంది. ఎక్సైమర్ అనే రకం వేరు. జీనాన్, క్లోరిన్ లాంటి వాయువుల మిశ్రమంలోంచి అతినీలలోహిత కాంతిని, కంటికి కనపడని దాన్ని, సెకనులో కోట్లవంతు పాటు మాత్రమే ఉండే దెబ్బలుగా వదులుతుంది. ఒక్కో దెబ్బకి అతి పల్చటి పొర మాత్రమే లేచిపోతుంది. అణువుల మధ్య బంధాలే తెగిపోతాయి కాబట్టి పక్కనున్న కణజాలానికి వేడి పెద్దగా తగలదు. 1981లో ఐబీఎం ప్రయోగశాలలో ఈ గుణాన్ని జీవకణజాలం మీద మొదట చూసినవాళ్లలో ఒకరు మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్. థాంక్స్‌గివింగ్ పండగ విందులో మిగిలిపోయిన టర్కీ కోడి ఎముక, మృదులాస్థి తెచ్చి కాంతి కింద పెట్టి చూశారు, అంచులు ఎక్కడా కాలకుండా నున్నగా తెగింది. కళ్లద్దాలు వదిలించుకోవడానికి కుర్రకారు చేయించుకునే లేసిక్‌కి మూలం ఆ ప్రయోగమే. దాంట్లో వాడేది 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి, కార్నియా మీద బయటినుంచి పడుతుంది. శుక్లం కంటి లోపల ఉంది, అక్కడికి కాంతిని తీసుకెళ్లాలంటే సన్నటి ఫైబర్ కావాలి, 193 ఫైబర్‌లో సరిగా ప్రయాణించదు. అందుకే బాత్ బెర్లిన్‌లో చేసిన పని 308 నానోమీటర్ల కాంతితో.

ఇక బాత్ పరికరం కొస చూద్దాం. మధ్యలో కాంతిని మోసుకొచ్చే ఫైబర్. దాన్ని చుట్టుకుని ఒక దారిలోంచి సెలైన్ లాంటి ద్రవం లోపలికి వెళ్తుంది, కన్ను చప్పబడిపోకుండా ఉబ్బి ఉండడానికీ ముక్కల్ని కడగడానికీ. ఇంకో దారి ఆ ముక్కల్ని బయటికి పీల్చేస్తుంది. మొత్తం కలిపి మిల్లీమీటరు కోతలోంచి దూరాలి. దూరాక లెన్స్ పొరకి చిన్న రంధ్రం చేసి, లోపలున్న గుజ్జుని కొద్దికొద్దిగా ఆవిరి చేసి, పొర మాత్రం ఖాళీ సంచిలా మిగిలేలా చూడాలి, కృత్రిమ లెన్స్‌ని అందులోనే కూర్చోబెట్టాలి గనక. వెనకవైపు ఆ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్నే, చిరిగిందంటే ఆపరేషన్ కష్టమైపోతుంది. ఈ మూడు పనులూ, కాంతి, కడగడం, పీల్చడం, ఒక్క కొసలో కలిపిన ఈ ఏర్పాటుకి బాత్ లేజర్‌ఫేకో అని పేరు పెట్టారు. 1986 డిసెంబరులో దరఖాస్తు చేస్తే 1988 మే 17న అమెరికా పేటెంటు వచ్చింది, నంబరు 4,744,360. వైద్య పరికరానికి పేటెంటు అందుకున్న మొదటి నల్లజాతి మహిళా డాక్టర్‌గా ఆమె పేరు రికార్డుకెక్కింది. ఆ తర్వాత జపాన్, కెనడా, యూరప్‌లోనూ పేటెంట్లు వచ్చాయి, అమెరికాలో మొత్తం అయిదు.

ఇంత చక్కటి ఆలోచన ఆపరేషన్ థియేటర్లలో ఎందుకు స్థిరపడలేదు? నాకు కనిపించే కారణాలు మూడు, మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మొదటిది గట్టిదనం. మెత్తటి శుక్లాన్ని పొర పొరగా ఆవిరి చేయొచ్చు, బాగా ముదిరి రాయిలా అయిన దాన్ని అలా తినేయాలంటే చాలా సమయం పడుతుంది, అల్ట్రాసౌండ్ సూది అదే పని చకచకా చేసేస్తుంది. రెండోది ఆ కాంతి రకం. 308 నానోమీటర్లంటే కణాల్లోని డీఎన్ఏకి హాని చేయగల అతినీలలోహిత కాంతి, లెన్స్ అడ్డు తొలగిపోయాక అది వెనక రెటీనా మీద, అంటే బొమ్మ పడే పొర మీద, పడితే ఏమవుతుందన్న భయం సహజం. మూడోది, దీని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు గాని నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది, కోత మిల్లీమీటరే అయినా లోపల పెట్టాల్సిన ప్లాస్టిక్ లెన్స్ అప్పట్లో గట్టిది, దాన్ని దూర్చడానికి మళ్లీ ఆరేడు మిల్లీమీటర్లు కోయాల్సిందే. మడిచి పెట్టే మెత్తటి లెన్సులు వాడుకలోకి వచ్చి చిన్న కోతకి అసలు విలువ దక్కేసరికి ఫేకో యంత్రాలు బాగా మెరుగుపడి, డాక్టర్ల చేతులు వాటికి అలవాటు పడిపోయాయి. ఇప్పుడు ఫేకో కోత రెండుంపావు నుంచి మూడు మిల్లీమీటర్లలోపే, ఇంకా తగ్గించినా రోగికి దక్కే లాభం స్వల్పం.

ఘనత సంగతికి వద్దాం. శుక్లం మీద లేజర్ వాడాలన్న ఆలోచన బాత్ ఒక్కరిదే అనడం కుదరదు. మాస్కోలో క్రాస్నోవ్ 1975లోనే లేజర్‌తో లెన్స్ పొరకి చిల్లు పొడిచి, మెత్తటి శుక్లం దానంతట అదే కరిగిపోయేలా చేసిన పద్ధతిని ప్రచురించాడు. 80ల్లో ఎక్సైమర్‌ని లెన్స్ మీద పరీక్షించిన వాళ్లు ఇంకా ఉన్నారు. తర్వాత న్యూయార్క్‌లో జాక్ డాడిక్ ఇంకో దారి తొక్కాడు, లేజర్ కిరణాన్ని సూదిలోని టైటానియం పలక మీదికి కొట్టించి, ఆ దెబ్బకి పుట్టే తరంగాలతో శుక్లాన్ని పగలగొట్టాడు. అదీ ఫేకో స్థానాన్ని లాగేసుకోలేకపోయింది. అంటే ఒక తరం డాక్టర్లు ఒకే సమస్యని నాలుగు వైపుల నుంచి తవ్వుతున్నారు, వాళ్లలో బాత్ ఒకరు, తన వైపు నుంచి ఒక పూర్తి పరికరాన్ని రూపొందించి పరీక్షించి పేటెంటు తెచ్చుకున్న మనిషి. "శుక్లాల ఆపరేషన్ ఆమే కనిపెట్టింది" అనేది అతి. "ఆమె ఏమీ కనిపెట్టలేదు" అనేది అన్యాయం, నా ఉద్దేశంలో మొదటిదాని కంటే ఇదే పెద్ద తప్పు, వాడుకలో నిలవని పరికరాలు కనిపెట్టిన మగ శాస్త్రవేత్తల పేర్ల మీద ఎవరూ ఇంత గట్టిగా తూకం పెట్టి కూర్చోరు. ఆమె 2019లో 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 2022లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో చేర్చారు, ఇంజనీరు మేరియన్ క్రోక్‌తో కలిసి అందులో చోటు దక్కిన మొదటి నల్లజాతి మహిళలు వాళ్లిద్దరే.

హార్లెం పని గురించి పైన చెబుతానన్నది ఇది. అక్కడ చూసిన దాని మీద ఆధారపడి బాత్ 1976లో సామాజిక నేత్రవైద్యం అనే పద్ధతిని ప్రతిపాదించారు. రోగి ఆస్పత్రికి వచ్చేదాకా కూర్చోకుండా, శిక్షణ ఇచ్చిన మామూలు మనుషుల్ని వృద్ధుల కేంద్రాలకీ పిల్లల కేంద్రాలకీ పంపి చూపు పరీక్షించడం, సమస్య ఉన్నవాళ్లని ముందే పట్టుకుని డాక్టరు దగ్గరికి చేర్చడం. అదే ఏడాది మదురైలో గోవిందప్ప వెంకటస్వామి పదకొండు పడకలతో అరవింద్ ఆస్పత్రి మొదలుపెట్టారు. 1987లో హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి తెరిచారు, తర్వాత ఆదిలాబాద్ వైపు ముధోల్ లాంటి చోట్ల గ్రామీణ కేంద్రాలు, వాటి కింద 50 వేల జనాభాకి ఒకటి చొప్పున ఊళ్లలో దృష్టి కేంద్రాలు పెట్టారు, వాటిలో కూర్చునేది ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు, అమ్మాయిలే. 2018లో తెలంగాణ ప్రభుత్వం కంటి వెలుగు పేరుతో ఊరూరా బల్లలు వేసి పరీక్షలు చేసింది. వీళ్లంతా బాత్‌ని చూసి నేర్చుకున్నారని నేను అనడం లేదు, ఎవరి దారిలో వాళ్లు అదే నిజాన్ని చేరుకున్నారు. శుక్లంతో చూపు పోగొట్టుకునే మనిషికి అడ్డం పడేది చాలాసార్లు పద్ధతి పాతదవడం కాదు, బస్సు చార్జీ లేకపోవడం, తోడు వచ్చేవాళ్లు లేకపోవడం, "ఈ వయసులో నాకెందుకులే" అనుకోవడం.

ఇక ఇవాళ మన ఇంట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ అంటే ఎదురయ్యే లేజర్లు రెండు. ఒకటి ఫెమ్టో లేజర్, బుడాపెస్ట్‌లో జోల్టాన్ నాగీ 2008లో మొదటిసారి మనుషులకి వాడారు. ఇది కంటి లోపలికి దూరదు, బయటినుంచే కోతలు పెడుతుంది, లెన్స్ పొర మీద గుండ్రటి కంత చేస్తుంది, లోపలి గుజ్జుని ముక్కలుగా గీస్తుంది. ఆ ముక్కల్ని బయటికి తీసేది మళ్లీ ఫేకో సూదే. రెండోది యాగ్ లేజర్. ఆపరేషన్ అయిన నెలలకో ఏళ్లకో కృత్రిమ లెన్స్ వెనక మిగిలిన పొర మసకబారితే దానికి చిన్న కంత పెట్టడానికి వాడతారు, కొన్ని నిమిషాల పని, కుర్చీలో కూర్చోబెట్టి చేసి ఇంటికి పంపేస్తారు. శుక్లం మళ్లీ వచ్చిందేమో అని టెన్షన్ పడేవాళ్లకి చెప్పండి, శుక్లం మళ్లీ రాదు, తిరిగి మసకబారింది ఆ పొరే.

ఆస్పత్రి కౌన్సెలింగ్ గదిలో ప్యాకేజీల కాగితం ముందు పెట్టినప్పుడు "లేజర్" అన్న చోట ధర బాగా పెరుగుతుంది. అది ఫెమ్టో అయితే, ఫ్రాన్స్‌లో, బ్రిటన్‌లో విడివిడిగా జరిగి 2020లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలూ ఒకటే చెప్పాయి: మామూలు ఫేకోతో పోలిస్తే ఫలితంలో మెరుగు కనపడలేదు, ఖర్చు మాత్రం ఎక్కువ. కొన్ని ప్రత్యేకమైన కళ్లకి డాక్టరు కారణం చెప్పి సూచిస్తే అది వేరే సంగతి, ఆ కారణం ఏమిటో అడగండి. డబ్బు కూడాక లేజర్‌తోనే చేయిద్దాంలే అని ఏడాది రెండేళ్లు వాయిదా వేయడం మాత్రం వద్దు. ఈలోపు శుక్లం ముదురుతుంది, తీయడం కష్టమవుతుంది, చూపు ఆనక మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదమూ ఉంది. ఫేకోకి డబ్బు చాలకపోతే చిన్న కోతతో చేత్తోనే చేసే ఆపరేషన్ ఉంది, కుట్లు పడవు, బాగా ముదిరిన శుక్లాలకి మన దేశంలో లక్షల్లో చేస్తున్నది అదే, అలవాటున్న చేతుల్లో చూపు బాగానే వస్తుంది.